రెండు మందులు కలిసిన బీపీ మాత్ర: చీటీ చేతికొచ్చిన రోజు నుంచి జాగ్రత్తగా వాడే పద్ధతి

బీపీకి ఇన్నాళ్లూ ఒకే మందు వాడినవాళ్లకు డాక్టరు రెండు మందులు కలిసిన మాత్ర రాసిస్తే, ఇంటికెళ్లేలోపే గుబులు మొదలవుతుంది: "జబ్బు ముదిరిందేమో!" భయపడాల్సిన పని లేదు. ఒకే మందు డోసు రెట్టింపు చేస్తే బీపీ ఇంకా తగ్గేది కొద్దిగానే, ఇబ్బందులు మాత్రం పెరుగుతాయి. వేర్వేరు దారుల్లో పనిచేసే రెండు మందులను చిన్న డోసుల్లో కలిపితే, ఒకే కాడికి రెండెద్దులు కట్టినట్టు, ఏ ఒక్కదాని మీదా భారం పడకుండా పని జరుగుతుంది. రోజుకు ఒకటే మాత్ర కాబట్టి మరిచిపోవడమూ తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి జంట మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బీపీ కొత్తగా బయటపడ్డవాళ్లకు కూడా చాలాసార్లు మొదటి రోజు నుంచే ఇవి రాస్తున్నారు.

అనంతపురంలో మందుల కౌంటరు వెనక పనిచేసే నాకు రోజూ కనిపించేది ఒకటుంది. లోపల ఏ రెండు మందులున్నాయో తెలియకుండా వేసుకోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బందిలో పడుతున్నారు. మాత్ర రంగు గుర్తుంటుంది, షీటు సైజు గుర్తుంటుంది, పేరులో మొదటి రెండక్షరాలు గుర్తుంటాయి. అసలు మందుల పేర్లు మాత్రం గుర్తుండవు. కింద రాసినదంతా ఆ లోటు తీర్చడానికే.

1. షీటు తిప్పి రెండు పేర్లూ చదవండి

షీటు ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉండేదే మీకు కావాల్సింది. "టెల్మిసార్టాన్ 40 ఎంజీ, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ" అన్నట్టు రెండు పేర్లు, రెండు అంకెలు ఉంటాయి. కళ్లద్దాలు లేకపోతే షాపులోనే చదివించుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. దాన్ని స్కాన్ చేసినా మందు పేరు, తయారీ తేదీ, గడువు తేదీ కనిపిస్తాయి.

మన దగ్గర ఎక్కువగా నడిచే జంటలు కొన్నే. టెల్మిసార్టాన్‌తో ఆమ్లోడిపిన్ ఒకటి. టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ ఇంకొకటి. లోసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్, ఆమ్లోడిపిన్‌తో అటెనొలాల్ కూడా చాలా ఇళ్లలో ఉంటాయి. మూడు మందులు కలిసినవీ ఉన్నాయి. ఇందులో పేరు చివర సార్టాన్ అని ఉండే రకం, ఆమ్లోడిపిన్ రెండూ రక్తనాళాలను వేర్వేరు పద్ధతుల్లో వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్ (కింద థయజైడ్ అని రాశాను) ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపేస్తుంది. అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

బ్రాండు పేరు చివర ఉండే ఏఎమ్, హెచ్, ఏటీ లాంటి చిన్న అక్షరాలను ఎప్పుడూ వదిలేయొద్దు. సాధారణంగా ఏఎమ్ అంటే ఆమ్లోడిపిన్, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఏటీ అంటే అటెనొలాల్. ముందు పేరు ఒకటే ఉన్నా చివరి అక్షరం మారితే మందే మారిపోతుంది. ఫోన్లో కొడుక్కు పేరు చెప్పి తెప్పించుకునేటప్పుడు జారిపోయేది ఆ చివరి అక్షరమే. అందుకని పేరు చెప్పకుండా షీటు ఫొటో పంపండి.

ఇంకో పెద్ద ప్రమాదం ఒకే మందు రెండు చోట్ల నుంచి రావడం. మన జిల్లాల వాళ్లం వైద్యానికి నాలుగు దిక్కులకు వెళ్తాం. అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరు, కర్నూలు వాళ్లు హైదరాబాదు, కడప వాళ్లు తిరుపతి, వేలూరు. అక్కడ రాసిన జంట మాత్ర ఇంట్లో ఉంటుంది. ఊళ్లో హెల్త్ క్లినిక్‌లోనో, 104 బండి దగ్గరో ఇచ్చిన ఆమ్లోడిపిన్ కూడా ఉంటుంది. "రెండూ బీపీకే కదా సారూ, రెండూ వేసుకుంటాండ" అని ఒక అవ్వ సంచిలోంచి రెండు షీట్లు తీసి చూపిస్తే వెనక తిప్పి చూశాను. జంట మాత్రలో ఆమ్లోడిపిన్ 5 ఎంజీ, విడి మాత్రలో ఇంకో 5 ఎంజీ. అంటే రోజుకు 10. కాళ్లు ఎందుకు పొంగాయో అక్కడే తెలిసిపోయింది.

కాబట్టి కొత్త మాత్ర మొదలుపెట్టే రోజు ఇంట్లో ఉన్న పాత బీపీ మందులన్నీ మంచం మీద పరవండి. ప్రతి షీటు వెనకా చూసి, ఏ పేరైనా రెండోసారి కనిపిస్తే ఏది ఆపాలో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, ఆపమన్నది పక్కన పడేయండి. దాచుకోవద్దు. దాచినది ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ నోట్లోకి వస్తుంది.

2. మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాల్సినవి

కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు ఆ మాట మొదటే చెప్పాలి. సార్టాన్ రకం మందులు, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి ప్రిల్ రకం మందులు గర్భంలోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇవి వాడుతుండగా నెల తప్పితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. గర్భిణులకు సురక్షితమైన బీపీ మందులు వేరే ఉన్నాయి. కొత్తగా పెళ్లైన కోడలికో కూతురికో అత్తగారి మాత్రలు "బీపీవే కదా" అని ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానండి.

కిడ్నీ జబ్బు ఉందా, కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్ ఎప్పుడైనా ఎక్కువ వచ్చిందా, ఆయాసం, ఉబ్బసం ఉందా, బొటనవేలి కీలు ఎర్రగా వాచి నొప్పెట్టే గౌట్ ఉందా, షుగరుకు మందులు వాడుతున్నారా, సల్ఫా మందులు పడవా? వీటిలో ఒక్కొక్కటీ ఏ మందు రాయాలన్నదాన్ని మార్చేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అటెనొలాల్ సాధారణంగా ఇవ్వరు. షుగరు తగ్గిపోయినప్పుడు గుండె దడ వచ్చి మనకు హెచ్చరిక అందుతుంది. అటెనొలాల్ ఆ దడను కప్పేస్తుంది. థయజైడ్ యూరిక్ యాసిడ్‌నూ, కొంతవరకు షుగర్‌నూ పెంచుతుంది. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు ఆమ్లోడిపిన్‌తో కలిపి రోజుకు 20 ఎంజీ దాటకూడదు.

మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్ష చేయించుకుంటే మంచిది. ఆ మొదటి రిపోర్టు జాగ్రత్తగా దాచండి. తర్వాత వచ్చే ప్రతి రిపోర్టునూ దానితోనే పోల్చి చూస్తారు.

3. రోజూ వేసుకునే తీరు

పొద్దునా, రాత్రా అన్న చర్చ చాలా ఉంది. గుండెపోటు, పక్షవాతం తగ్గించడంలో రెంటికీ తేడా లేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2022లో తేల్చింది. మీకు మరిచిపోకుండా కుదిరే సమయమే సరైన సమయం. మాత్రలో థయజైడ్ ఉంటే మాత్రం పొద్దున వేసుకోండి. రాత్రి వేసుకుంటే మూత్రానికి లేచి లేచి నిద్ర చెడుతుంది, పెద్దవాళ్లయితే చీకట్లో పడిపోతారు.

ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. మర్నాటి సమయం దగ్గరపడితే వదిలేసి మామూలుగా సాగండి. రెండు కలిపి వేసుకోకూడదు.

మాత్రను సగానికి విరవడం డాక్టరు చెబితేనే. కొన్ని జంట మాత్రల్లో రెండు మందులు రెండు పొరలుగా ఉంటాయి. మెల్లగా విడుదలయ్యే మెటోప్రోలాల్ (అటెనొలాల్ రకపు మందే) కలిసిన మాత్రలను నూరితే, నమిలితే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

దాచే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. టెల్మిసార్టాన్ గాలిలోని తేమను గట్టిగా పీల్చుకునే మందు. షీటులోంచి తీసి వారానికి సరిపడా డబ్బాలో వేసుకుంటే మాత్ర మెత్తబడి, అంచులు పొడి రాలి, పనిచేసే శక్తి తగ్గుతుంది. వేసుకునే ముందు మాత్రమే షీటులోంచి తీయండి. వారం డబ్బా అలవాటున్నవాళ్లు షీటునే మాత్రకు మాత్రగా, రేకు చిరగకుండా కత్తిరించి వేసుకోవచ్చు. అలా కత్తిరించేటప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్కను చివరి మాత్ర దాకా ఉంచండి. మన ఎండలకు రేకుల ఇంట్లో, బైకు డిక్కీలో, కిటికీ గట్టు మీద, పొయ్యి పక్క అలమరలో మందులు పెట్టకూడదు. మట్టి మిద్దె ఉన్నవాళ్లు అదృష్టవంతులు, లోపలి గది గూట్లో పెడితే చాలు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పని లేదు.

4. మొదటి నెల ఎలా ఉంటుంది

రెండు రోజులు వేసుకుని "తగ్గలేదు" అనుకోవద్దు. ఆమ్లోడిపిన్ ఒంట్లో పూర్తిగా కుదురుకోవడానికే వారం పడుతుంది. టెల్మిసార్టాన్ పూర్తి ఫలితం కనిపించడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది.

మొదటి రోజుల్లో కొందరికి లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఉంటుంది. పడుకున్న చోటు నుంచి లేచి కాసేపు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, తర్వాత లేవండి. నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం రోజూ ఉంటే కూర్చుని ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూపించుకోండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే డోసు మార్చాల్సి రావచ్చు.

ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. సాయంత్రానికి ఎక్కువ, తెల్లవారికి తక్కువ. దీన్ని చాలామంది "కాళ్లకు నీరు పట్టింది, కిడ్నీలు పోయాయి" అనుకుని హడలిపోతారు. ఇది ఎక్కువగా రక్తనాళాలు వదులవడం వల్ల వచ్చే వాపు. సార్టాన్ కలిసి ఉంటే కొంత తక్కువగా ఉంటుంది. అయినా డాక్టరుకు చూపించాల్సిందే, ఎందుకంటే గుండె, కిడ్నీ జబ్బుల్లోనూ కాళ్లు వాస్తాయి. ఆయాసం కూడా ఉంటే ఆలస్యం చేయొద్దు. ఆమ్లోడిపిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. పంటి డాక్టరుకు ఆ మందు పేరు చెప్పండి.

ప్రిల్ రకం మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. ఎన్ని దగ్గు మందులు తాగినా పోదు. బీపీ మాత్ర మారిస్తేనే పోతుంది.

పెదవులు, నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే అది ఎమర్జెన్సీ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ మాత్ర మళ్లీ వేసుకోకూడదు. థయజైడ్ వాడుతుండగా ఉన్నట్టుండి కన్ను నొప్పెట్టి చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

5. ఇంట్లో బీపీ చూసుకోవడం

పై చేతికి కట్టే మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. పట్టీ మీ చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. టీ, బీడీ, సిగరెట్ అరగంట ముందే ఆపాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలమీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పొద్దున మాత్ర వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి చూస్తే మంచి లెక్క దొరుకుతుంది. ఆసుపత్రిలో 140/90 ఎంతో ఇంట్లో 135/85 అంతే అనుకోండి. మీకు ఎంతకు తేవాలన్నది వయసును, షుగరును, కిడ్నీలను బట్టి డాక్టరు చెబుతారు. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని గంటకోసారి కట్టుకుని చూసుకోవద్దు. ఆ టెన్షన్‌కే ఇంకో పది పెరుగుతుంది.

6. నొప్పి మాత్రలు: అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

నన్ను అడిగితే ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివేంత తీరిక ఉన్నవాళ్లు ఇదే చదవాలి.

శెనక్కాయ పీకే కాలం, ఉల్లి కోతలు, మిరప కోతలు వచ్చాయంటే నడుం నొప్పులు, మోకాళ్ల నొప్పులు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు రకాల మాత్రలు కలిపిన పొట్లం, లేకపోతే షాపులో "నొప్పికి మంచిది ఒకటియ్యన్నా" అనడం. ఆ పొట్లంలో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్‌లలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ రకం మందులు మూడు పనులు చేస్తాయి. ఉప్పును, నీటిని ఒంట్లో ఆపుతాయి. బీపీ మాత్ర పనిని చెడగొడతాయి. కిడ్నీలోకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి.

ఇక్కడ జరిగేది కొంచెం వివరంగా చెప్తాను. కిడ్నీ వడపోత సరిగా జరగాలంటే లోపలికి రక్తం వచ్చే నాళం తెరుచుకుని ఉండాలి, బయటికి వెళ్లే నాళం కాస్త బిగిసి ఉండాలి. నొప్పి మాత్ర లోపలి నాళాన్ని బిగిస్తుంది. సార్టాన్ బయటి నాళాన్ని వదులు చేస్తుంది. థయజైడ్ మొత్తం నీటినే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి పడితే వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. దానికి తోడు మనిషి మే నెల ఎండలో పొలంలో ఉండి సరిగా నీళ్లు తాగకపోతే, కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్ ఎగబాకుతుంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకునేవాళ్లకు ఈ మూడింట్లో రెండు ముందే ఒంట్లో ఉన్నట్టు. నొప్పి మాత్ర మూడోది. షుగరు ఉన్నవాళ్లకు, అరవై దాటినవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

మరి నొప్పి వస్తే ఏం చేయాలి? పారాసిటమాల్ మొదటి ఎంపిక. అందులో ఇంకేదీ కలవలేదని షీటు వెనక చూడండి. ఎసిక్లోఫెనాక్‌తో పారాసిటమాల్ కలిసిన మాత్రలు మన షాపుల్లో విపరీతంగా అమ్ముడవుతాయి, వాటిని చాలామంది "పారాసిటమాలే" అనుకుంటారు. రోజుకు మూడు గ్రాములు దాటొద్దు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టరును అడగాలి. మోకాలి మీద రాసుకునే జెల్, కాపడం, రెండు రోజుల విశ్రాంతి కూడా పనిచేస్తాయి. నొప్పి మందు తప్పదని డాక్టరే రాస్తే ఎన్ని రోజులో అడిగి అన్ని రోజులే వేసుకుని, తర్వాత క్రియాటినిన్ చూపించుకోండి. సూది వేసే ముందు ఆర్‌ఎంపీకి "నేను బీపీకి ఇది వాడుతున్నా" అని షీటు చూపించండి.

గుండెకు రాసిన 75 ఎంజీ ఆస్పిరిన్ సంగతి వేరు. దాన్ని మీ అంతట మీరు ఆపకూడదు.

చాలా జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అది బీపీని పెంచుతుంది. మూత్రంలో మంటకు ఇచ్చే కో-ట్రైమాక్సజోల్ సార్టాన్‌తో కలిస్తే పొటాషియం పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఆమ్లోడిపిన్‌ను ఒంట్లో పెంచి బీపీని మరీ కిందికి దించుతుంది.

7. ఎండాకాలం, వాంతులు, విరేచనాలు

కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. చెమటలో నీరూ ఉప్పూ పోతాయి, వేడికి రక్తనాళాలు వాటంతట అవే వదులవుతాయి. చలికాలంలో సరిపోయిన డోసు ఎండాకాలంలో ఎక్కువైపోయే అవకాశం ఉంది. మార్చి చివర్లోనే ఒకసారి బీపీ చూపించుకుని, పై అంకె 110 కంటే కిందికి వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా డోసు గురించి అడగండి. మీరే సగం చేసుకోవద్దు. థయజైడ్ వాడేవాళ్లకు ఎండ చర్మాన్ని త్వరగా కాలుస్తుంది. తలకు తువ్వాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవని రోజు అసలు పరీక్ష. ఒంట్లో నీరు లేనప్పుడు సార్టాన్, థయజైడ్ రెండూ కిడ్నీకి భారమే. మళ్లీ మామూలుగా తిని తాగేదాకా, సాధారణంగా ఒకటి రెండు రోజులు, ఈ మందులు ఆపమని డాక్టర్లు చెబుతారు. జంట మాత్రతో ఇబ్బంది ఏమిటంటే ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని కొనసాగించడం కుదరదు. అందుకే ఒళ్లు బాగున్నప్పుడే డాక్టరును అడగండి: "సార్, వాంతులు విరేచనాలైతే ఈ మాత్ర ఏం చేయాలి? ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి?" జవాబు చీటీ వెనకే రాయించుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు దాని గురించీ అదే ప్రశ్న అడగాలి. అటెనొలాల్ ఉన్న మాత్రను మాత్రం డాక్టరును అడగకుండా ఎప్పుడూ హఠాత్తుగా ఆపొద్దు.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ తాగండి, బీపీ ఉంది కదా అని భయపడొద్దు. కానీ దాహానికి రోజూ ఓఆర్‌ఎస్ కలుపుకుని తాగడం సరికాదు. లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటాయి. మామూలు దాహానికి మంచినీళ్లు, ఉప్పు వేయని మజ్జిగ చాలు.

8. తిండి దగ్గర

రోజంతటికీ ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. కూరలో, చారులో, సంగటిలో, ఊరగాయలో అన్నీ కలిపి. ఉగ్గాని బజ్జీ పక్కన ఊరిబిండి, మధ్యాహ్నం అన్నంలో ఊరగాయ, అప్పడం, రాత్రి ఎండు మిరపకాయల కారం. చెంచా ఎక్కడ అయిపోయిందో తెలియదు. నా సలహా, కూరలో తగ్గించడం కష్టమైతే మొదట ఊరగాయను వారానికి ఒకటి రెండు సార్లకు తేండి, మజ్జిగలో ఉప్పు మానేయండి. సంగటిలో ఉప్పు లేకపోయినా పులుసుతో తింటే తెలియదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మామూలు మనిషికి మంచిదే. సార్టాన్, ప్రిల్ రకం మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా కిడ్నీ సరిగా లేనివాళ్లు డాక్టరును అడగకుండా వాడితే పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రోజూ కొబ్బరి నీళ్లు కూడా అందుకే వద్దంటారు.

గ్యాస్‌కు నీళ్లలో వేసుకుని బుసబుస పొంగగానే తాగే ఈనో లాంటి పొడుల్లో సోడియం చాలా ఉంటుంది. దగ్గుకు నమిలే అతిమధురం రోజూ వాడితే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది, థయజైడ్‌తో కలిస్తే మరీ చెడ్డది.

9. ఉపవాసాలు, నడకలు, ఆపరేషన్లు

రంజాన్ నెలలో రోజుకు ఒకటే మాత్ర కాబట్టి చాలామందికి ఇఫ్తార్‌కో సహర్‌కో మార్చుకోవచ్చు. పగలంతా నీళ్లు తాగరు కాబట్టి థయజైడ్ ఉంటే ఇఫ్తార్‌కే మేలు, అయినా నెలకు ముందే డాక్టరుతో మాట్లాడాలి. శివరాత్రికి నల్లమల దారిలో శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లు మాత్రలు మానొద్దు. నీళ్లు ఎక్కువ తాగుతూ, కళ్లు తిరిగితే నీడన కూర్చోండి, నొప్పులకు దారిలో ఎవరో ఇచ్చిన మాత్రలు మింగొద్దు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఈ మాత్ర సంగతి తప్పక చెప్పాలి. సార్టాన్‌ను ముందురోజు ఆపమనే అవకాశం ఉంది.

10. బీపీ నార్మల్‌కు వచ్చింది కదా, ఆపొచ్చా?

వద్దు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్‌గా ఉంది. ఆపితే కొద్ది రోజుల్లో మెల్లగా మళ్లీ ఎక్కుతుంది, చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా. అటెనొలాల్ లాంటి మందులు ఒక్కసారిగా ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి, బీపీ ఎగబాకడం జరుగుతాయి. బరువు బాగా తగ్గినా, ఉప్పు తగ్గించినా డోసు తగ్గించే వీలుంటుంది. ఆ పని డాక్టరుది. మాత్రలు అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి. జన ఔషధి షాపుల్లో ఇవే జంటలు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి, అక్కడా రెండు పేర్లూ రెండు అంకెలూ సరిపోల్చి తీసుకుంటే చాలు.

11. ఎప్పుడు 108, ఎప్పుడు ఫోన్

బీపీ 180/120 దాటి, దానితో ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, చెయ్యి కాలు చచ్చుబడటం, మాట తడబడటం, చూపు పోవడం, విపరీతమైన తలనొప్పిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం లాంటివి బీపీ ఎంత ఉన్నా ఎమర్జెన్సీయే. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులు, కడప రిమ్స్ ఉన్నాయి, మధ్యలో ఎవరి దగ్గరా ఆగి సూది వేయించుకోవద్దు.

అంకె పెద్దగా ఉండి ఏ బాధా లేకపోతే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. కంగారులో ఇంకో మాత్ర వేసుకోవద్దు. నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు, మాత్ర పెట్టడం ఇంకా కొన్ని చోట్ల నడుస్తోంది. బీపీ ఒక్కసారిగా కుప్పకూలి మెదడుకు, గుండెకు రక్తం అందకపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఒప్పుకోవద్దు.

12. పరీక్షలు, మళ్లీ డాక్టరు దగ్గరికి

సార్టాన్ లేదా థయజైడ్ ఉన్న మాత్ర మొదలుపెట్టాక, డోసు పెంచాక రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకోవాలి. తర్వాత అంతా బాగుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు. క్రియాటినిన్ కొంచెం పెరగడం సార్టాన్‌తో సాధారణమే. మొదటి రిపోర్టు కంటే 30 శాతం మించి పెరిగితే డాక్టరు కారణం వెతుకుతారు, ఆ రోజు నొప్పి మాత్రల సంగతి దాచకుండా చెప్పండి. థయజైడ్‌తో పెద్దవాళ్లలో సోడియం పడిపోతే మతిమరుపు, మత్తు, తూలడం వస్తాయి. "వయసు మీద పడింది" అని వదిలేయకుండా పరీక్ష చేయించండి.

పొటాషియం 5.5 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లితే ఈ అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది కాబట్టి మళ్లీ తీయమంటే విసుక్కోకుండా వెంటనే ఇవ్వండి, ఆ ఫలితం వచ్చేదాకా కొబ్బరి నీళ్లు, పొటాషియం ఉప్పు, నొప్పి మాత్రలు ముట్టొద్దు.